అత్తయ్యగారి గిర్నీ డబ్బు

మా అత్తగారి డబ్బు ఎక్కడుందో నాకు ప్రతి నిమిషం తెలుసు. అదే నా ఖర్మ. పోయిన డబ్బయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. దొంగ ఎత్తుకుపోయి ఉంటే పోలీస్ స్టేషన్‌లో నాలుగు గంటలు కూర్చుని, ఒక కాగితం పుచ్చుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఇది అలా కాదు. ఫోన్ తీసి ఆ పొడుగాటి లావాదేవీ నెంబరు కొడితే చాలు, పచ్చ అక్షరాల్లో కనిపిస్తుంది. ఇన్ని క్రిప్టో కాయిన్లు, ఫలానా అడ్రసుకు, ఫలానా సమయానికి చేరాయి, విజయవంతం. విజయవంతమట! లోకంలో ఎవరైనా చూడొచ్చు, నేను మాత్రం ముట్టుకోలేను. నలభై మూడు రోజులు నేను దాన్ని అలా చూస్తూ బతికాను. మెట్రోలో చూశాను, క్లాసు మధ్యలో చూశాను, బాత్రూమ్‌లో కుళాయి తిప్పి పెట్టి చూశాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాను. మెట్రో స్టేషన్ మెట్లు దిగితే కరపత్రాలు చేతిలో కుక్కే సందులో, మూడో అంతస్తు. పద్దెనిమిదేళ్లుగా అదే గది, అదే ఫ్యాను. పాఠాలు చెప్పడంతో పాటు పిల్లలకు ఉద్యోగాల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపిపెట్టడం కూడా నా పనే. నోటిఫికేషన్ పడిందంటే మా గుమ్మం ముందు చెప్పులు మెట్ల దాకా ఉంటాయి. ప్రతి బ్యాచ్‌కీ మొదటి వారంలోనే ఒక ఉపన్యాసం దంచుతాను. "ఎవరికైనా ఫోన్లో డబ్బు పంపే ముందు ఒక్క రూపాయి పంపండి. అవతలివాణ్ణి అడగండి. వచ్చింది అన్నాకే మిగతాది పంపండి." ఎన్నిసార్లు చెప్పానో ఏమో, పిల్లలు నా వెనక నన్ను రూపాయి సార్ అంటారు. అననీ. అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మాది కృష్ణా జిల్లా. మా ఆవిడది నల్లగొండ పక్కన పల్లె. అదే ఇన్‌స్టిట్యూట్‌లో రిసెప్షన్‌లో కూర్చునేది, అక్కడే పరిచయం, తర్వాత పెళ్లి, ఎల్బీ నగర్‌లో కాపురం. ఇప్పుడు ఆవిడ వేరేచోట పని చేస్తోంది. మా ఇల్లు ఒక పడకగది, ఒక హాలు, వంటిల్లు. నాలుగేళ్ల క్రితం ఆ హాల్లోకి మా అత్తగారు వచ్చింది. ఒక ఇనప పెట్టె పట్టుకుని, "పది దినాలు ఉండి పోత కొడుకా" అంటూ వచ్చింది.

వెళ్లడానికి ఆవిడకు చోటు లేదని మూడో రోజుకే అర్థమైంది. ఊళ్లో మా మామగారికి పిండి గిర్నీ ఉండేది. ఆయనతో సమానంగా ఆవిడా నడిపింది. బెల్టు తెగితే కుట్టేది, రాయి అరిగితే ఉలి పట్టుకుని గంట్లు కొట్టేది. ఆయన పోయాక ఇద్దరు కొడుకులూ గిర్నీ అమ్మి పంచుకుని, తల్లిని కూడా ఆర్నెల్లు నువ్వు ఆర్నెల్లు నేను అని పంచుకోబోయారు. ఆవిడ పెట్టె సర్దుకుంది.

కూతురింట్లో ఉండటం ఆవిడకు ఎంత నామోషీయో చెప్పలేను. నేను హాల్లోకి వస్తే లేచి నిలబడుతుంది. నేను టీవీ ముందు కూర్చుంటే వంటింట్లోకి వెళ్లి స్టవ్ పక్కన నిలబడుతుంది. నేను తినకుండా ముద్ద ముట్టదు. ఒకసారి కోపమొచ్చి, "అత్తయ్యగారూ, ఇది మీ ఇల్లనుకోండి, కూర్చోండి!" అని అరిచాను. "అల్లుని ఇంట్ల కూసుండి తింటె అరుగదు కొడుకా" అంది నవ్వుతూ. నవ్వుతూ అన్నా నిజమే అంది. ఆవిడ అలా నిలబడితే నేను మాత్రం హాయిగా కాళ్లు చాపుకుంటానా? నా ఇంట్లో నేను లుంగీ మడిచి కట్టి నాలుగేళ్లయింది.

ఈ కాయిన్ల గోల ఆవిడే కనిపెట్టింది. నేను జీతంలో కొద్దికొద్దిగా వాటిలో పెట్టేవాణ్ణి. రోజూ సాయంత్రం ఫోన్ చూసుకోవడం అలవాటు.

"ఏంది కొడుకా గది? పచ్చగయితె నవ్వుతున్నవ్, ఎర్రగయితె నా బిడ్డ మీద గరమైతున్నవ్?" అని ఒకరోజు అడిగేసింది.

చెప్పాను. పెరగొచ్చు, పోనూ పోవచ్చు అని కూడా చెప్పాను. నెల తిరక్కుండా చీర కొంగులో మూట కట్టి డబ్బు తెచ్చింది. ఆవిడ సొంత గేదెలు రెండు అమ్మింది, కాళ్ల వెండి కడియాలు అమ్మింది, కొడుకులకు తెలియని డబ్బు అది. నేను వద్దన్నాను. మా ఆవిడ వద్దంది. "మీకు పెరగొచ్చు గని నాకు పెరగొద్దా?" అంది. నా ఖాతాలోనే పెట్టాను. పెరిగింది, పడింది, మళ్లీ పెరిగింది. ప్రతి శుక్రవారం దీపం పెట్టాక, "మనది ఎట్లున్నది కొడుకా?" అని అడిగేది. మనది అనేది, నాది అనేది కాదు.

అలా రెండేళ్లు గడిచాక హయత్‌నగర్‌లో ఒక గిర్నీ ఖాళీ అవుతోందని ఆవిడ ఊరి మనిషి ఎవరో చెప్పారు. గిర్నీ నడిపే పెద్దాయన పెద్ద అంబర్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని అటు వెళ్లిపోతున్నాడు. మిషన్లతో సహా ఇచ్చేస్తానన్నాడు. అత్తగారు ఒక్కతే బస్సెక్కి చూసొచ్చింది. తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా జొన్నపిండి. చూడ్డానికి పోయిన మనిషి అక్కడ ఎవరిదో గంపెడు జొన్నలు ఆడించి వచ్చిందన్నమాట.

"రెండు మిషన్లున్నయ్. పిండికి ఒకటి, కారానికి ఒకటి. ఎనక ఒక అర్ర ఉన్నది కొడుకా. పొయ్యి పెట్టుకునేంత జాగ ఉన్నది. నేను ఆడ్నే పండుకుంట" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ హాలు మధ్యలో సోఫాలో కూర్చుని ఉంది. నేను ఎదురుగా ఉన్నా లేవలేదు. తను కూర్చున్న సంగతే ఆవిడ గమనించలేదు. నేను గమనించాను. ఆ గిర్నీ ఈవిడకు ఎలాగైనా ఇప్పించాలి అని ఆ క్షణాన నిజంగా అనుకున్నాను. ఆవిడ కోసం సగం, నా లుంగీ కోసం సగం.

చిక్కు ఏమిటంటే, మా కాయిన్లున్న ఎక్స్ఛేంజ్, అంటే వాటిని కొని అమ్మే యాప్, అప్పటికే మూలుగుతోంది. రూపాయలుగా మార్చి బ్యాంకుకు పంపడం ఆపేశారు. కాయిన్లను కాయిన్లుగా బయటికి పంపుకోవడానికి మాత్రం ఇంకా వీలుంది. అంటే వాటిని ఇంకో ఎక్స్ఛేంజ్‌కు పంపి, అక్కడ అమ్మి, అక్కణ్ణుంచి బ్యాంకుకు తెచ్చుకోవాలి. ఇల్లు మారినట్టే, సామాను ఇక్కడ ఎక్కించి అక్కడ దింపుకోవడం. నేను కొత్త ఖాతా తెరిచాను, పాన్ కార్డు ఇచ్చాను, ముఖం అటూ ఇటూ తిప్పి ఫోటోలు దిగాను. అన్నీ పద్ధతిగానే చేశాను.

"శుక్కురారం పంపు. పదిన్నరకు రాహుకాలం ఒస్తది, గంతకు ముందుగాల్నే మొదలువెట్టు" అంది అత్తగారు. నాకేం అభ్యంతరం? సరేనన్నాను.

ఆ శుక్రవారం పదింటికల్లా ఇన్‌స్టిట్యూట్‌లో నా కుర్చీలో ఉన్నాను. పదిన్నరకు క్లాసు. నా ఉపన్యాసం నాకు గుర్తుంది, మరిచిపోయానని అబద్ధం చెప్పను. ముందు పిసరంత పంపి, అటు చేరిందో లేదో చూసి, అప్పుడు మొత్తం పంపాలి. కానీ పాత ఎక్స్ఛేంజ్ వాళ్లు పంపే ప్రతిదాన్నీ ఒకసారి తనిఖీ చేస్తున్నారు, దానికి అరగంట పడుతుంది. అది చేరి, ఆ తర్వాత మిగతాది పంపేసరికి పదకొండు. పదీ పదిహేనుకు ఫోన్ మోగింది.

"అయిందా కొడుకా? ఇగ పావుగంటనే ఉన్నది."

"అవుతోంది అత్తయ్యగారూ."

"జర జల్ది చెయ్యి. మంచిగ సూస్కోని చెయ్యి."

జల్దీగానూ చేయాలి, మంచిగానూ చేయాలి. పిల్లలు బెంచీలు లాగుతున్నారు. ఒకడు వచ్చి దరఖాస్తుకు ఆఖరి రోజు సార్ అంటూ నెత్తిమీద నిలబడ్డాడు. నేను అడ్రసు అతికించాను. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు సరిపోల్చుకున్నాను. నెట్‌వర్క్ సరిగ్గా ఎంచుకున్నాను. కింద ట్యాగ్ నెంబర్ అని ఒక గడి ఉంది. దాని పక్కన ఎర్ర నక్షత్రం లేదు. పద్దెనిమిదేళ్లలో ఎన్ని వేల దరఖాస్తులు నింపానో, నక్షత్రం లేని గడి ఖాళీగా వదిలేయడం నా వేళ్లకే అలవాటు. వదిలేశాను. మొత్తం కాయిన్లు పెట్టి నొక్కాను. గోడ గడియారం వంక చూశాను. పదీ ఇరవై రెండు.

అత్తగారికి ఫోన్ చేసి "అయిపోయింది" అన్నాను. ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంటున్న శబ్దం, గాజుల శబ్దం, ఫోన్లో వినిపించింది.

పదకొండుకల్లా పాత ఎక్స్ఛేంజ్ పంపించేశాం అంది. కొత్త ఎక్స్ఛేంజ్‌లో సున్నా. పన్నెండుకు సున్నా. ఒంటిగంటకు మెస్సులో పప్పన్నం కలుపుతూ, కొత్త ఎక్స్ఛేంజ్‌లో అడ్రసు ఇచ్చిన పేజీ మళ్లీ తెరిచాను. అడ్రసు కిందే ఉంది ట్యాగ్ నెంబర్. దాని కింద ఎర్ర అక్షరాలు. ఈ నెంబరు లేకుండా పంపిన కాయిన్లు మీ ఖాతాలో జమ కావు. పక్కన చిన్న గడిలో టిక్కు, నేను చదివాను, అర్థమైంది అని. ఆ టిక్కు నేను పెట్టిందే. మూడు రోజుల ముందు పెట్టాను. ఎర్ర అక్షరాలు కంటికి కనిపించాయి కూడా. నాకు తెలీనిదేముందిలే అనుకున్నాను.

సంగతి ఇది. ఎక్స్ఛేంజ్ అడ్రసు అంటే ఒక పెద్ద అపార్ట్‌మెంట్ అడ్రసు. వేలమందికి అదే అడ్రసు. ట్యాగ్ అంటే ఫ్లాట్ నెంబరు. నేను ఫ్లాట్ నెంబరు రాయకుండా పార్శిల్ పంపాను. అది గేటు లోపలికి వెళ్లిపోయింది. వాచ్‌మన్ దగ్గరుంది. ఎవరిదని అడిగితే వాచ్‌మన్ ఏం చెబుతాడు?

పళ్లెం పక్కకు నెట్టాను. ఎరక్కపోయి ఇరుక్కున్నవాడిది ఒక రకం ఏడుపు. నాది ఎరిగి ఇరుక్కున్న ఏడుపు.

కొత్త ఎక్స్ఛేంజ్‌కు ఫిర్యాదు పెట్టాను. ఫోన్ నెంబరంటూ ఏదీ లేదు. ఒక మరమనిషి చాట్‌లో పలకరిస్తుంది, మీ ఓపికకు ధన్యవాదాలు అంటుంది. ఓపిక ఉందని దానికెవరు చెప్పారు? తిట్టాను. అర్థం కాలేదు, దయచేసి మరోలా అడగండి అంది. మరోలా తిట్టాను. నాలుగో రోజున మనిషనేవాడు ఎవడో జవాబిచ్చాడు. వెనక్కి తీయడం సాధ్యమే కావచ్చు, రెండు నెలల దాకా పట్టవచ్చు, హామీ ఇవ్వలేం, రుసుము ఉంటుంది. అందుకు నేను పాన్ కార్డూ, తేదీ రాసిన కాగితమూ పట్టుకుని, ఈ కాయిన్లు నావే అని చెబుతూ వీడియో తీసి పంపాలి. ఇన్‌స్టిట్యూట్ స్టోర్ రూమ్‌లో పాత కీబోర్డుల మధ్య నిలబడి తీశాను. నావే అని మూడుసార్లు చెప్పాను. నిజానికి నావి కూడా కాదు.

ఇంట్లో ఏం చెప్పాను? సర్వర్ డౌన్ అన్నాను. అందరూ చెప్పేదే.

"ఒస్తది గద కొడుకా?"

"వస్తుంది అత్తయ్యగారూ, ఎక్కడికి పోతుంది."

ఆవిడ ఆ మాట పట్టుకుని హయత్‌నగర్ వెళ్లి గిర్నీ కడిగొచ్చింది. మిషన్లకు పసుపు రాసి బొట్టు పెట్టొచ్చింది. ఇంకోరోజు కొత్త బెల్టు కొనుక్కొచ్చి నాకు చూపించింది, సాగదీసి, వాసన చూసి. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని, బాగుందండీ అన్నాను. పొద్దున లేస్తే హాల్లో ఆవిడ, మెట్రో ఎక్కితే ఫోన్లో ఆ పచ్చ అక్షరాలు, క్లాసులో రూపాయి సార్. ఎటు తిరిగినా గోడే. కుడితిలో పడ్డ ఎలుక కనీసం గిలగిలా కొట్టుకుంటుంది, నాకు ఆ వీలు కూడా లేదు. నవ్వుతూ కాఫీ తాగాలి.

రెండు వారాలు గడిచాక మా ఆవిడ పట్టేసింది. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉండగా ఎక్స్ఛేంజ్ వాళ్ల మెయిల్ వచ్చింది, అది చదివేసింది. నన్ను బాల్కనీలోకి లాక్కెళ్లి తలుపు వేసింది. హాల్లో వాళ్లమ్మ ఉంది కాబట్టి గుసగుసగా పోట్లాడుకోవాలి. గుసగుసగా కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో ఒక్క పడకగది ఇళ్లవాళ్లకే తెలుస్తుంది.

"ఏంది గిది? పదిహేను దినాల సంది నా తాన దాస్తున్నవా?"

"మీ అమ్మే తొందరపెట్టింది" అన్నాను. సిగ్గులేకుండా మొదటి మాటే అది. "ముందు కొంచెం పంపి చూద్దామంటే అరగంట పడుతుంది. రాహుకాలం వచ్చేస్తోందని ఫోన్ చేసి ప్రాణం తీసింది."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మా అమ్మ ఏమన్నది? మొదలువెట్టుమన్నది. అంతనే గద? ఊరికి పోవాల్నంటె మంచి టైము పొద్దుగాల ఉంటె ఏం జేస్తం? సంచి తీస్కపోయి పక్కింట్ల పెట్టొస్తం. మనం తీరుబాటుగ సాయంత్రం పోతం. నువ్వు జర్రంత ముందుగాల పంపితె గదే సంచి పెట్టినట్టు. మిగిలింది పన్నెండింటికి పంపినా తప్పు లేకుండె. అడిగినవా అమ్మని?"

అడగలేదు. అసలు అడగాల్సిన పనే లేదు. మా వైపు దాన్నే ప్రస్థానం అంటారు. మా అమ్మ ఎన్నిసార్లు నా పెట్టె ముందురోజే పక్కింటి అరుగు మీద పెట్టించిందో! తెలిసిన సంగతే, ఆ పదీ పదిహేనుకు బుర్రకు తట్టలేదు.

"అంగట్ల అన్ని ఉన్నయ్, అల్లుని నోట్ల శని ఉన్నదట" అంది మా ఆవిడ. "ఆదివారం లోపల అమ్మకు చెప్పు. లేకుంటె నేనే చెప్త."

ఆదివారం మా ఆవిడ చంపాపేట్‌లో ఫంక్షన్ హాల్లో ఏదో పెళ్లికి వెళ్లింది. కావాలనే ఒక్కతే వెళ్లింది. అత్తగారు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. నేను సోఫాలో ఉన్నాను కదా, అందుకని నిలబడింది. చెప్పాను. డబ్బు ఇరుక్కుందండీ, ఎప్పుడొస్తుందో తెలీదు, వస్తుందో లేదో కూడా గట్టిగా చెప్పలేను అని.

"ఎందుకు ఇరికింది కొడుకా?"

నిజం నోటి దాకా వచ్చింది. ఎర్ర అక్షరాలు చూసి కూడా చదవలేదు, ఒక గడి ఖాళీగా వదిలేశాను, తప్పు నాది. ఇంతే కదా చెప్పాల్సింది, రెండు ముక్కలు. చెప్పలేకపోయాను. పద్దెనిమిదేళ్లుగా అందరికీ నేర్పేవాణ్ణి, ఆవిడ ముందు తెలివితక్కువవాడిగా నిలబడలేకపోయాను.

"పదిన్నర దాటిందండీ" అన్నాను. "మీకు ఫోన్లో అయిపోయిందన్నాను గానీ, కరెంటు పోయి మళ్లీ నొక్కాల్సొచ్చింది. నొక్కేసరికి రెండు నిమిషాలు దాటింది. రాహుకాలం వచ్చేసింది."

ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ మాట. అనేశాక వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు.

అత్తగారు ఉన్నచోటే నేల మీద కూలబడింది. "అయ్యో! నేనే గద ఫోన్ జేసి నిన్ను మాటలల్ల పెట్టిన. గా రెండు నిమిషాలు నేనే తిన్న కొడుకా. నాకు ఏది కలిసిరాదు. ఆయన పాయె, గిర్నీ పాయె. నీ పైసలతోని కలిపి నా పైసలు పెట్టిచ్చి నిన్ను గూడ ముంచిన."

"మీదేం లేదండీ" అన్నాను. ఆ మాటకు బలం లేదు. బలంగా అనాలంటే నిజం చెప్పాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. రెండు వారాలుగా గుండె మీదున్న బండ దిగినట్టయింది. దిగి ఎవరి మీద పడిందో కళ్లెదుట కనిపిస్తూనే ఉంది. అయినా హాయిగానే అనిపించింది. ఛీ, ఏం మనిషిని!

ఆ తర్వాత ఆవిడ మారిపోయింది. శుక్రవారం వచ్చింది, మనది ఎట్లున్నది అని అడగలేదు. దీపం పెట్టడం మా ఆవిడకు అప్పగించింది. నేను పనికి బయల్దేరే వేళకు స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకునేది. మొదట్లో నాకు తట్టలేదు. తర్వాత తెలిసింది, తను ఎదురు రాకూడదని. నేను లిఫ్టు ఎక్కిన చప్పుడయ్యాకే తలుపు తీసేది. ఒకరోజు గొడుగు మర్చిపోయి వెనక్కి వస్తే, ఆవిడ తలుపు సందులోంచి చూసి గబుక్కున మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. నేను గొడుగు తీసుకోకుండానే మెట్లు దిగిపోయాను.

మా ఆవిడ మాత్రం, "చెప్పినవ్ గద, మంచిగయింది. అమ్మ బాధల ఉన్నది, తేరుకుంటది" అంది. వాళ్లమ్మకు నేను ఏం చెప్పానో ఈవిడకు చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరి దగ్గరా దాస్తున్నాను. డబ్బు ఒకచోటే ఇరుక్కుంది, నేను రెండుచోట్ల ఇరుక్కున్నాను.

ఒక సాయంత్రం వంటింట్లో అత్తగారు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. "ఒద్దన్నా. ఇంకెవలకన్న ఇచ్చుకో. ఏమనుకోకు." గిర్నీ పెద్దాయనతో. గడువు దాటింది కాబోలు, ఆయన ఆగనన్నాడు కాబోలు అనుకున్నాను. ఆయన్ని మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నాను. ఎవర్నో ఒకర్ని తిట్టుకోవాలి కదా.

నలభై మూడో రోజు క్లాసులో ఉండగా ఫోన్ కదిలింది. మీ కాయిన్లు మీ ఖాతాలో జమ చేశాం, రుసుము మినహాయించాం. నేను బోర్డు మీద రాస్తున్న వాక్యం సగంలో వదిలేసి, ఈ రోజుకు క్లాసు లేదు పొండి అన్నాను. పిల్లలు ఈలలు వేశారు. అక్కడే బెంచీ మీద కూర్చుని, మొత్తం అమ్మేసి బ్యాంకుకు పంపాను. ముందు వంద రూపాయలు పంపాను, వచ్చాయని చూసుకుని అప్పుడు మిగతాది. సాయంత్రానికి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. మెట్రోలో ఎల్బీ నగర్ దాకా నిలబడే వచ్చాను, కూర్చోబుద్ధి కాలేదు.

ఇంట్లోకి అడుగు పెడుతూనే, "వచ్చేసింది అత్తయ్యగారూ! మొత్తం వచ్చేసింది!" అని అరిచాను. మా ఆవిడ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి వంటింట్లో ఉంది, పరుగెత్తుకొచ్చింది. అత్తగారు నా మొహంలోకి చూసి నవ్వింది.

"మంచిగయింది కొడుకా. నీ తాన్నే ఉండనియ్యి" అంది.

"అదేంటండీ? రేపే గిర్నీకి అడ్వాన్సు ఇచ్చేద్దాం."

"గది పోయింది. ఎవలో తీస్కున్నరు."

నాకు మండిపోయింది. "నలభై రోజులు ఆగలేకపోయాడా ఆ ముసలాయన? అంత కక్కుర్తా?"

"ఆయన్ని ఏమనకు కొడుకా. ఆయన ఆగుతనన్నడు. పైసలు ఎప్పుడొస్తె అప్పుడియ్యి చెల్లె, ముందుగాల తాళంచెవి తీస్కపో అన్నడు. నాలుగుసార్లు ఫోన్ జేసిండు. నేనే ఒద్దన్న."

"ఎందుకు?"

"నా టైము మంచిగ లేదని తెల్సినంక ఇంకొకల గిర్నీల కాలు పెట్టాల్నా? నడిచేటి గిర్నీ ఆగిపోతది. రాయి పలుగుతది. నా శని ఆయనకెందుకు అంటియ్యాలె?"

మా ఆవిడ, "శని ఏందమ్మా? ఏం మాట్లాడుతున్నవ్?" అంది.

"రాహుకాలంల పంపిచ్చిన గద బిడ్డా. నేను ఫోన్ల మాట్లాడి లేట్ జేసిన. అల్లుడే చెప్పిండు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే ఉన్నాను. వెనక్కి తిరిగి మెట్లు దిగి పారిపోదామని నిజంగా అనిపించింది.

"రాహుకాలం రాలేదు అత్తయ్యగారూ" అన్నాను. "ఎనిమిది నిమిషాల ముందే నొక్కాను. కరెంటు పోలేదు. మీ ఫోన్ వల్ల లేటవ్వలేదు. ఒక నెంబరు వేయాలి, నేను వేయలేదు. వేయమని ఎర్రగా రాసి ఉంది, చదవలేదు. తప్పంతా నాది. మీకు చెప్పింది అబద్ధం."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"మరి గట్లెందుకు జెప్పినవ్ కొడుకా?"

"సిగ్గేసింది."

"పైసలు పోయినయంటె నేను ఓర్సుకుందును" అంది. గొంతు పెద్దది చేయలేదు. "గేదెలు పాయె, కడియాలు పాయె అనుకుందును. నేను దరిద్రపుదాన్నని నా తోటే నమ్మిచ్చినవ్ జూడు..."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి, నాకూ మా ఆవిడకూ అన్నం వడ్డించింది. నేను తిన్నాను. తినకపోతే ఆవిడ తినదు కాబట్టి తిన్నాను. మా ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

హయత్‌నగర్ గిర్నీని సూర్యాపేట వైపు నుంచి వచ్చినవాళ్లెవరో నడుపుతున్నారు. ఇంకో గిర్నీ చూద్దామని నేనే రెండుసార్లు కదిపాను. సూద్దాం తియ్యి అంటుంది. డబ్బు బ్యాంకులో ఉంది, పది నిమిషాల్లో తీసి ఆవిడ చేతిలో పెట్టగలను. ఆవిడ అడగడం లేదు.